కట్లు విప్పని తెప్ప

నేను మా మామ వంతు అన్నం తిని పెరిగాను. అంటే మా చిలకమ్మత్త మొగుడి వంతు. పెళ్లయిన రెండో ఏడే ఆయన వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. మిగతా తెప్పలన్నీ ఎక్కడో ఒకచోట ఒడ్డుకు చేరాయి. ఆయనదీ రాలేదు, ఆయనా రాలేదు. మా నాన్న భీమిలి పక్క పల్లెకు వెళ్లి చెల్లెల్ని జంషెడ్‌పూర్ తీసుకొచ్చేశాడు.

అత్త రోజూ రాత్రి ఒక గిన్నెలో అన్నం వడ్డించి మూత పెట్టేది. పొద్దున్నే ఆ చద్దన్నం నాకు. బొట్టూ గాజులూ తియ్యమని చుట్టాలు నసిగితే, "మీరు సూసేరేటి?" అని అడిగేది. ఎవరూ చూడలేదు.

ఎనభై ఒకటిలో బారిడీహ్‌ పేటలోని మా తెలుగువాళ్ల సంఘం ఒక గదిని మ్యూజియం చేసింది. జుగ్సలాయి బజారులో గోదాం ఉన్న సీతారామరావుగారికి పుట్టిన ఆలోచన అది. కొలిమి బూడిద తప్ప ఇసుక ఎరగని ఊళ్లో సముద్రానికి మ్యూజియం ఏమిటని నేను నవ్వాను. తీరా అత్తతో వెళ్తే ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొస్తున్నారు. ఒక పాత వల, తాటాకు గొడుగు, శంఖాలు, తీరంలోని పల్లెల ఫొటోలు. గది మధ్యలో తెప్ప. కట్టింది కట్టినట్టే లారీలో తెప్పించానని సీతారామరావుగారు వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నారు.

అత్త తెప్ప దగ్గర ఆగిపోయింది. పైన ఫ్యాన్ తిరుగుతుంటే వల చిన్నగా ఊగుతోంది. కిటికీలోంచి సాయంత్రపు ఎర్ర వెలుగు పడి దుంగలు తడిగా కనిపించాయి. కాసేపు నాకూ కాళ్ల కింద నేల కదిలినట్టే అనిపించింది.

"చలో అత్తా, దేర్ హో రహీ హై," అని ఆలస్యమవుతోందని తొందరపెట్టాను.

ఆమె వినలేదు. "బాబూ, దీని కట్లు ఇప్పనేదేటి?" అని సీతారామరావుగారిని అడిగింది.

"ఇప్పితే నాలుగు దుంగలే కదమ్మా. చూసినోళ్లకి ఏటి తెలుత్తాది?"

"ఒడ్డుకొచ్చినాక కట్లు ఇప్పి దుంగలు ఆరబెడతారు బాబూ. కట్టుంటే ఇంకా నీళ్లమీదున్నట్టే."

మ్యూజియమంటే అలాగే ఉంటుందని ఆయన కొంచెం విసుక్కున్నారు. పై ఆదివారం అత్త మళ్లీ వెళ్లింది. ఆ పై ఆదివారమూ వెళ్లి తెప్ప పక్కన నేలమీద కూర్చుంది. నాకు విసుగొచ్చింది, తర్వాత భయమేసింది. ఆ గదిలో ఆమె ముఖం ఎంత చిన్నపిల్లలా అయిపోయేదంటే, పిలిస్తే ఏ ఒడ్డునుంచి పలుకుతుందో అనిపించేది.

ఆ రెండో ఆదివారం జనం వెళ్లిపోయాక సీతారామరావుగారు స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరమ్మా రావాలి?"

"ఈళ్ల మావ," అంది నన్ను చూపించి.

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఇప్పమ్మా. రేపు మళ్లీ కట్టించుకుంటాను."

"కట్టుకో బాబూ. ఒక్క పూట ఒడ్డునుండనీ."

తాళ్లు బిరుసెక్కి ఉన్నాయి. అత్త గోళ్లతో లాగింది, పళ్లతో పట్టింది. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది. ఆఖరి కట్టు ఊడగానే దుంగలు విడిపోయి, వాటి మధ్య ఇరుక్కున్న ఇసుక జలజలా నేలమీద రాలింది. ఉప్పు వాసన వచ్చింది. వచ్చిందనే నేను ఇప్పటికీ అంటాను. అత్త దుంగల్ని ఒక్కొక్కటే ఎడంగా పరిచి, ఇసుకమీద చెయ్యి ఆనించి, "ఒచ్చేసేడు," అంది. ఏడుపు నాకొచ్చింది, ఆమెకు కాదు.

సోమవారం తెప్పను మళ్లీ కట్టేశారని విని భయపడుతూనే అత్తకు చెప్పాను. "కడితే మళ్లీ యేటకెల్తాది. దానికేటి," అంది.

అసలు ఆ సోమవారం పొద్దున్నే జరిగింది చెప్పాలి. అలవాటుగా వంటింట్లోకి వెళ్లి చద్దన్నం గిన్నె కోసం చూశాను. కడిగి బోర్లించి ఉంది. అత్త పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. గాజుల చప్పుడు లేదు.

"కూకో జానకీ," అంది నావైపు తిరక్కుండానే. "నీకు ఏడిగా వండుతన్నాను."