ఇనుము ఆరబెట్టిన మా అత్త

నా చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లెకు పడమరగా, సరుగుడు తోపు దాటాక, మూతపడిన ఉక్కు ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పాములుంటాయని మమ్మల్ని అటు పోనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడక్కడ రొయ్యల గుంటలున్నాయి, ఒకప్పుడు ఇనుము కరిగిన చోటంటే ఎవరూ నమ్మరు. దాన్ని పడగొడుతున్నారని తెలిసిన రోజు మా మేనత్త ఒక్కసారి చూసొస్తానంటూ బయల్దేరి, తోడుకు నన్ను తీసుకెళ్ళింది.

అత్త అందులో పనిచేసిందని నాకు ఆ రోజే తెలిసింది. కొలిమిలో వేసే పాత ఇనుముకు తడి ఉండకూడదట. తడి ముక్క కరిగిన ఇనుములో మునిగితే ఆ కరిగిన ఇనుమే పేలినట్టు ఎగిరి మనుషుల మీద పడుతుందట. అందుకని చేపలు ఎండబెట్టే మా పల్లె ఆడవాళ్ళనే పిలిచి, ఇనుమును ఎండలో పరిచే పని ఇచ్చారట. ఇనుమును చేపల్లా ఆరబెట్టడమేమిటని నేను పడీ పడీ నవ్వాను. అత్త కూడా నవ్వింది.

లోపల కొలిమి దగ్గరికి వెళ్ళేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. గోడ నిండా ఇనుప చుక్కలు గడ్డకట్టి అతుక్కుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గిల్లి చూశాను, రాలేదు. ఇవేమిటని అత్తను అడిగాను.

"మీ మామ చెయ్యి కాలింది ఇక్కడే పాపా," అంది. "ఒక కొస మూసుకుపోయిన గొట్టం. ఎండలో పెట్టింది నేనే. చేపనైతే రెండు వైపులా తిప్పుతాను గదా, దాన్ని వంచి చూళ్ళేదు. లోపల వాన నీళ్ళు నిలిచుండాయి."

మామ కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. వల అల్లలేకపోయేవాడు, అన్నం ఎడమచేత్తో తినేవాడు. పుట్టుకతోనే అలా ఉన్నాయనుకునేదాన్ని. తప్పు ఎవరిదో మామకు తెలుసా అని అడిగాను.

"ఆ పొద్దే చెప్పేసినాను. విన్నాడు. అన్నం కలిపి పెట్టమన్నాడు. ఈ రోజు దాకా మళ్ళీ ఆ మాట ఎత్తలా."

నాకు నోటి దురుసు ఎక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి చేతిలోనైనా పని చెడితే చాలు, మాట నోటి దాకా వచ్చేస్తుంది. అప్పుడు మామ గుర్తుకొస్తాడు. అన్నిసార్లూ కాదు గానీ, చాలాసార్లు మింగేస్తాను.