రూఫస్ సార్ తొట్టికి రెండు పండుగప్పలు

మాలకొండమ్మక్కవి కళ్ళు, మిగతా మావన్నీ గుడ్లు అని రూఫస్ సార్ అంటుండేవాడు. వింటే ఒళ్ళు మండేది గానీ మాట మాత్రం నిజం. మైపాడు దారిలో పండుగప్ప పిల్లల్ని పెంచి అమ్మే షెడ్డు మాది. సార్ అక్కడ టెక్నీషియన్. మేం ఆరుగురు ఆడవాళ్ళం పిల్లల్ని సైజుల వారీగా ఏరేవాళ్ళం. చేపపిల్లలు కొనడానికి వచ్చిన చెరువుల వాళ్ళు "మాలకొండమ్మ ఏరిందేనా?" అని అడిగి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు.

పండుగప్ప సంగతి తెలియని వాళ్ళకు చెప్తాను. అది పుట్టుకతోనే వేట చేప. వేలెడు కూడా లేనప్పుడే తోడబుట్టినదాన్ని మింగాలని చూస్తుంది. అన్నీ ఒక్క సైజులో ఉంటే ఏ గొడవా లేదు. ఒకటి గోరంత పెద్దదైందా, పక్కదాని పని అయిపోయినట్టే. ఒక్కోసారి ఆ చిన్నది గొంతుకు అడ్డం పడి, మింగినదీ చస్తుంది. అందుకే మూడు రోజులకొకసారి పిల్లల్ని తెల్ల టబ్బుల్లో పోసుకుని, పీటలేసుకుని కూర్చుని, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు ఏరతాం. జల్లెడ పెట్టెలూ ఉన్నాయి. కానీ జల్లెడకు దొరకనివి కూడా అక్క కంటికి దొరికేవి. పదకొండేళ్ళుగా అదే పని. మొగుడు పోయాక ఆమె ఆ పని మీదే బతికింది. అంతకంటే ఎక్కువగా ఆ పేరు మీద బతికింది.

నాకు ఏరడం నేర్పింది కూడా ఆమే. నేర్పిందంటే ముద్దు చేసి కాదు, మొట్టికాయలు వేసి.

ఈ వేసవిలో ఒకరోజు ఆమె ఏరిన టబ్బును తొట్టిలో పోయబోతూ చూశాను. చిన్నవాటి మధ్యలో మూడు పెద్దవి దర్జాగా తిరుగుతున్నాయి. అప్పట్నుంచి కనిపెట్టి చూస్తే విషయం అర్థమైంది. అక్క టబ్బును ఎండ పడే వైపు లాక్కుంటోంది. పిల్లను కంటితో చూడడం మానేసి వేళ్ళతో తడుముతోంది. ఆ మాట ఆమెకు చెప్పాల్సింది. చెప్పలేదు. అందరూ టీకి వెళ్ళినప్పుడు కడుపునొప్పనో, ఫోనొచ్చిందనో చెప్పి వెనకబడి, ఆమె టబ్బులు మళ్ళీ ఏరిపెట్టేదాన్ని. రెండు నెలలు అలాగే నడిపాను. ఏదో పుణ్యం మూటగట్టుకుంటున్నానని అనుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

అంతలో రూఫస్ సార్ ఇంటికి రెండడుగుల అక్వేరియం వచ్చింది, ఆయన కూతురు ఏంజెలిన్ కోసం. ఎనిమిదేళ్ళ పిల్ల అది. గోల్డ్ ఫిష్‌లను రెండు వారాలు చూసి, "ఇవి తింటాయి, తిరుగుతాయి, అంతే. నాకు వేటాడే చేప కావాలి" అని పేచీ పెట్టిందట. శనివారం సాయంత్రం సార్ ఆ పిల్లను వెంటబెట్టుకుని షెడ్డుకొచ్చాడు.

"కొరమీను వేస్తే ఎట్టుంటాది పెద్దమ్మా?" అని మాలకొండమ్మక్కను అడిగాడు.

"మూత సరిగ్గా బెట్టలేదనుకో, తెల్లారేసరికి నీ వాకిట్లో ఉంటాది. ఎగిరి దూకే జాతి సార్ అది."

"వాలుగ?"

"అది చేపా? నోరున్న గోనెసంచి. ఎంత పెట్టినా చాలదు, ఏ తొట్టీ చాలదు."

నెల్లూరు అంగడివాడు ఇచ్చిన ఏదో విదేశీ చేప ఫోటో చూపిద్దామని సార్ ఫోను తీశాడు. అక్క అటు చూడనైనా లేదు. "ఎంత పెరగతాది?" అంది. మూడడుగులట. "మూడడుగులది రెండడుగుల్లో యాడ తిరగతాది? నడుం వంగిపోతాది పాపం. మన పండుగప్పలే తీసుకుపో. ఉప్పు లేని నీళ్ళకి అలవాటుపడి ఉండాయి. రొయ్య ముక్క వేస్తే పాప కళ్ళ ముందరే ఎగిరి పట్టుకుంటాయి. అరచెయ్యంత అయినాక మాత్రం తెచ్చి ఏ చెరువులోనో వదిలెయ్యాల. ఆ గోల్డ్ ఫిష్‌లని ముందే ఎవురికన్నా ఇచ్చెయ్, లేదంటే అవే తొలి పలారం."

"ఐదు తీసుకుందాం అవ్వా!" అంది ఏంజెలిన్.

"రెండు చాలు. ఇల్లు చూసుకుని చుట్టాల్ని పిలుచుకోవాల."

ఆ రెండూ తనే ఏరింది. మగ్గు ముంచి ఒకదాన్ని పట్టింది. ఇంకోదాని కోసం కాసేపు వెతికి, అదీ పట్టి కవరులో వేసింది. నేను పక్కనే ఉన్నాను. ఒకటి రెండోదానికంటే చిటికెన గోరంత పొడుగు. తల కూడా లావు.

"అక్కా, ఇంకోటి చూద్దామా?" అన్నాను.

"ఏమ్మే, నాకు చేపలు చూపించేదానివైనావా నువ్వు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోటిదురుసు మనిషినని ఊరంతా పేరున్నదాన్ని, ఆ ఒక్క పూట నోరు పెగల్లేదు. అందరి ముందూ ఆమె పరువు తియ్యలేకపోయాను. ఏంజెలిన్ కవరును గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. పిల్ల యూనిఫారంలో ఉంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. చేతిలో స్టీలు డబ్బా.

"నిన్న చర్చికి పొయ్యొచ్చేసరికి ఇట్టా ఉండాయి పెద్దమ్మా. మేత చాల్లేదేమో" అన్నాడు సార్.

డబ్బాలో పెద్ద చేప చచ్చి ఉంది. దాని నోట్లోంచి రెండోదాని తోక బయటికి కనిపిస్తోంది.

"మేతే సార్! మేత తగ్గితే ఇట్నే చేస్తాయి ముదనష్టపువి" అని నేను గబుక్కున అందుకున్నాను.

అక్క నన్ను పట్టించుకోలేదు. చేపను అరచేతిలోకి తీసుకుని, తోక పట్టి రెండోదాన్ని మెల్లగా బయటికి లాగింది. రెంటినీ పక్కపక్కన పెట్టి తల నుంచి తోక దాకా బొటనవేలితో తడిమింది. మూడుసార్లు తడిమింది.

"మేత గాదు పాపా, తప్పు నాదే. జోడు గానిదాన్ని జోడని ఇచ్చినా" అంది ఏంజెలిన్‌తో. తర్వాత నా వైపు తిరిగింది. "రెండంటే రెండు సరిగ్గా ఏరలేకపొయినా. మరి వేలకి వేలు ఏరతా ఉండానే, నా టబ్బుల్లో ఒక్కటీ ఇట్టా సావలేదే. ఎట్టామే శేషా?"

నా పూర్తి పేరు వెంకటశేషమ్మ. శేషా అని పిలిచేది ఆమె ఒక్కతే. నేను తల వంచుకున్నాను.

"నువ్వు ఏరినావా?"

"ఏరినా అక్కా. రెండు నెల్లుగా. నీ పేరు పోతాదని..."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"చూపు మసకేస్తా ఉండాదని నాకు తెలవదనుకున్నావా? ఆస్పత్రికి పోదామనుకున్నప్పుడల్లా నా టబ్బులు చూసుకున్నా. ఒక్కటీ సావలా. పనిలో తేడా రాలేదు, ఇంక కంటికేమైందిలే అని ఊరుకున్నా. కాపాడినాననుకున్నావా నన్ను? గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టినావు గదమే!"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మీద ప్రేమతోనే చేశాను, కాదనను. నిజం చెప్పి ఆమెతో తిట్లు తినే ధైర్యం లేకపోవడం కూడా అంతే నిజం.

ఆ పొద్దున తను ఏరిన టబ్బును అక్క సార్ ముందుకు లాగింది. "ఇప్పుడు ఏరు. అందరి ముందర ఏరు. నేను తప్పినవి పైకి లెక్క చెప్పు."

"వద్దక్కా."

"ఏరమంటా ఉండా గదా!"

ఏరాను. ఒకటి. రెండు. మూడు. తొమ్మిది తర్వాత ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది. వదిలేద్దామనుకున్నాను.

"ఆగినావే?" అంది.

దాన్నీ తీసి పక్కన వేసి "పది" అన్నాను. మొత్తం పద్నాలుగు తేలాయి. అక్క ప్రతి అంకెకూ తల ఊపుతూ వింది.

"నెల్లూరు పొయ్యి కంటికి వైద్యం చేయించుకునిరా పెద్దమ్మా. అందాకా నీ పీట ఖాళీగానే ఉంచుతా" అన్నాడు సార్.

"ఖాళీగా ఎందుకు? ఇది కూర్చుంటాది. కళ్ళు బాగానే ఉండాయి దీనికి, నోరే అవసరానికి లేవదు."

"మరి నా చేపలు?" అని అడిగింది ఏంజెలిన్.

"ఇప్పటికి ఒక్కటే తీసుకుపో పాపా, శేష ఇస్తాది. నేనొచ్చేసరికి అది ఎంత పెరిగుంటే అంతదాన్ని, దానికి సరిజోడు నేనే ఏరిస్తా."

"మళ్ళీ తప్పితే?"

పిల్లలకు మొహమాటాలుండవు. అక్క చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"తప్పితే ఇంక ఈ పీట మీద కూర్చోను" అంది.

అంత మాట ఎందుకక్కా, ఏం కాదులే అని నా నోటిదాకా వచ్చింది. అనలేదు.