పెదవులు కలవని మాట

పోయిన ఆదివారం మధ్యాహ్నం పక్క క్వార్టరు వాళ్ళ టీవీలో మాట పోయింది. సెమిలిగుడ దగ్గరున్న మా ఫ్యాక్టరీ కాలనీలో ఇలాంటి కబుర్లు నా దగ్గరికి రావడం మామూలే. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన పాపానికి రేడియోలు, మిక్సీలు, ఒకసారి ఒక ప్రెషర్ కుక్కరు కూడా నా ముందుకు వచ్చాయి. "బాబూ, ఎప్పుడో ఓపాలి తెలుగు సినిమా ఏస్తాడు. అదీ మూగదైపోనాది, ఓసారి సూద్దురూ" అంది పార్వతీపురం నుంచి వచ్చిన పక్కింటావిడ. స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరను, గడ్డం గీసుకునే అద్దం తీసుకుని వెళ్ళాను. టీవీ వెనక కూర్చుని పని చేసేవాడికి ముందున్న బొమ్మ కనిపించదు కాబట్టి ఎదురుగా కుర్చీలో అద్దం నిలబెట్టుకోవాలి. మూత విప్పితే స్పీకరు తీగ ఒకటి ఊడి ఉంది. ఐరను వేడెక్కేలోగా తలెత్తి అద్దంలోకి చూశాను. అద్దంలో మా అప్ప ఉంది.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఈమె మా పెద్దమ్మ కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పెద్దనాన్నకి రాయగడ రైల్వేలో సిగ్నళ్ళ పని. అరవైల నడిమి సంవత్సరాల్లో హైస్కూలు చదువుకని నన్ను కోరాపుట్ నుంచి తెచ్చి వాళ్ళ క్వార్టరులో దింపారు. పద్మపూర్ నుంచి ఒక డాన్సు మాస్టారు వారానికి రెండు రోజులు బస్సులో వచ్చి, పీట మీద కర్రతో తాళం వేస్తూ అప్పకి అడుగులు నేర్పేవారు. ఆ క్వార్టరు గచ్చు ఎంత పలచనో గానీ అప్ప పాదం పడితే వంటింటి అలమర అంతా పలికేది. ఏ అడుగుకి ఏ గిన్నె మోగుతుందో నేను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఎడమ పాదానికి ఇత్తడి చెంబు, కుడి పాదానికి టీ గ్లాసులు, మడమకి పళ్ళెం మూత. "నెమ్మదిగా ఎయ్యి, అమ్మీ. ఇప్పటికే పోపులడబ్బా సగం నేర్సేసుకుంది" అనేది పెద్దమ్మ. అంటూనే చేతిలో పని ఆపి గుమ్మంలో నిలబడి చూసేది.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద మొదలుపెట్టి, కోరాపుట్‌లో రెండు మూడు సభల్లో అప్ప ఆడింది. అలాంటి ఒక సభలో మద్రాసు నుంచి వచ్చిన సినిమా డాన్సు మాస్టరు అసిస్టెంటు ఒకాయన చూశాడు. ఆ తర్వాత ఉత్తరాలు నడిచాయి. ఒక పొద్దున్న అప్ప పోపులడబ్బా కింద కాగితం పెట్టి పాసింజరు ఎక్కేసింది. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. పెద్దమ్మకి సినిమాల్లోకి వెళ్ళిందన్న బాధ కన్నా ఆ కాగితమే ఎక్కువ బాధ. "నోటంట ఒక్క మాట సెప్పి ఎలిపోతే నాను కాళ్ళు కట్టేద్దునా? కాయితం పెట్టి పోతాదా?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రెండేళ్ళకి పెద్దనాన్న పోయినప్పుడు అప్ప వచ్చింది. పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అప్ప గుమ్మం దగ్గర గంటన్నర కూర్చుని, తనూ ఏమీ మాట్లాడకుండా సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. మంకుతనంలో ఇద్దరికీ తేడా లేదు.

అయినా అప్ప కనిపించే సినిమా రాయగడ వచ్చిందంటే పెద్దమ్మ మ్యాట్నీకి బయల్దేరేది, తోడుగా నేను. అవన్నీ గుంపు డాన్సులు. పెద్దమ్మకి అప్పటికే చూపు మందగించింది కాబట్టి వెతికే పని నాది. దానికీ ఒక నోటుబుక్కు ఉండేది: ఏ పాట, ఏ వరస, ఎడమ నుంచి ఎన్నోది. "ఎక్కడుందిరా?" "మూడో వరస పెద్దమ్మా, ఎడమ నుంచి నాలుగు." "మూడో వరసేటి? కిందటిసారి రెండో వరసన్నావు కదా. సరిగ్గా సూడు, ఎవుల్నో సూసి మా అమ్మి అంటన్నావు." ముందు వరసలో హీరోయిను పక్కనుంటే "దానికన్నా ఇదే బాగా ఆడతంది" అనేది, కనిపించినట్టే. నిజానికి ఆవిడకి అప్పటికే రంగులు తప్ప మరేవీ తెలియడం లేదు. నీటికాసులన్నారు, ఆపరేషనూ చేశారు. ఏడాది తిరిగేసరికి వెలుతురు కూడా పోయింది.

నేను డిప్లొమా ముగించి కోరాపుట్‌లో ఉద్యోగంలో చేరిన ఏడు, అప్ప దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఈసారి తనది వేషం, హీరోయిను పక్కింటి ఆడపడుచు. పదకొండు డైలాగులు. పదకొండూ వరసగా నంబర్లు వేసి రాసింది. కింద ఒక్క మాట: "అమ్మ చూడనక్కర్లేదు, వింటే చాలు." నేను బస్సెక్కి రాయగడ వెళ్ళి చదివి వినిపించాను. పెద్దమ్మ పదకొండూ ఇంకోసారి చదివించుకుంది. తర్వాత "దాని నోటంట మాట ఇంటే, అప్పుడు ఉత్తరం రాయిద్దాం. రమ్మందాం" అంది. తొందరపడి నేను ఇన్‌లాండు కవరు కొని ముందే మద్రాసు అడ్రసు రాసి ఉంచాను.

సినిమా వచ్చేలోగా పెద్దమ్మ ఆ పదకొండు డైలాగులూ బట్టీ పట్టింది. ఉత్తరంలో "ఏమిటి వదినా, అలా చూస్తున్నావు?" అని ఉంటే, బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడుముతూ "ఏటి వదినా, అలా సూస్తన్నావు?" అనుకునేది. నేను సరిదిద్దబోతే "నాను సినిమాలో ఏస్తన్నానేట్రా" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

హాల్లో నా కుడిపక్క కుర్చీలో చెంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. అప్ప పేరంటానికి వచ్చినట్టు పట్టుచీరతో తెరమీదికి వచ్చింది. "వచ్చింది" అన్నాను. పెద్దమ్మ గొణిగింది, "ఏటి వదినా..." స్పీకర్లోంచి "ఏమిటి వదినా" అని మరెవరిదో సన్నని, తీర్చిన గొంతు వినిపించింది. అప్ప పెదవులకీ ఆ మాటకీ పొత్తు కుదరలేదు. నేను చదివిన చదువు నన్ను వెంటనే లేపింది. ఫిల్ము మీద మాట బొమ్మకన్నా ఇరవై ఫ్రేముల ముందు అచ్చయి ఉంటుంది, ఆ తేడాని మిషనులో ఫిల్ము చుట్టే లూపు సర్దాలి. లూపు తప్పిందనుకుని క్యాబిన్‌కి పరుగెత్తాను. ఆపరేటరు బీడీ తీయకుండానే విన్నాడు. "హీరోకి సరిపోతంది, హీరోయినుకి సరిపోతంది, ఆకరికి వాలింటి కుక్కకి కూడా సరిపోతంది. ఆ పిల్లకొక్కదానికే తేడా అయితే నా మిషనేటి సేస్తాదండి?" అన్నాడు. నేను అతనికి లూపు గురించి పాఠం చెబుతూ ఆరు డైలాగులు పోగొట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి పెద్దమ్మ గొణగడం మానలేదు, కానీ చెంగు తడిసి ఉంది.

రిక్షాలో అడిగింది, "అదెవర్రా?"

"అప్పే, పెద్దమ్మా."

"కాదు. అదెవులో కిష్నా జిల్లా అమ్మి. నా కడుపున పుట్టిందాని గొంతుక నాకు తెల్దేటి?"

సినిమా తీశాక చీకటి గదిలో మాటలు మళ్ళీ చెప్పిస్తారని, అప్ప మాట మన వైపు మాట కాబట్టి మరొకావిడ చేత చెప్పించి ఉంటారని వివరించాను. చాలా వివరంగానే చెప్పాను. పెద్దమ్మ అంతా విని, "అంటే మనలాగ మాటాడ్డం సిగ్గని ఇంకోల నోరు పెట్టించుకుంది" అంది.

"అప్పని అడగరు పెద్దమ్మా. వాళ్ళే మార్చేస్తారు."

"నువ్వు ఎనకేసుకురాకు. నోట్లో మాట ఇంకోలికిచ్చేసిన మనిసి నాతో ఏటి మాటాడతాది?" అంది. ఆ తర్వాత ఉత్తరం ఊసు ఎత్తలేదు. అడ్రసు రాసిన కవరు నా నోటుబుక్కులో ఉండిపోయింది. నేను మాత్రం వేరే కార్డు రాశాను: పెద్దమ్మ సినిమాకి వచ్చింది, ప్రింటులో మాటకీ బొమ్మకీ తేడా ఉంది, మీవాళ్ళకి చెప్పు. అప్ప జవాబివ్వలేదు. ఆ కార్డు చదివిన మనిషికి ఎలా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

మూడేళ్ళకి పెద్దమ్మ పోయింది. పదో రోజుకి అప్ప వచ్చింది. "ఏమిటి తమ్ముడూ, చిక్కిపోయావు" అంది. ఆ "ఏమిటి" విని నేను దాని మొహం వంక చూశాను. "నేర్చుకున్నానురా. ఈసారి నా గొంతే ఉంచుతారేమోనని రోజూ అద్దం ముందు చదివేదాన్ని. మళ్ళీ మాటలున్న వేషమే ఇవ్వలేదు, గుంపులోకి పంపేశారు" అని ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. మోకాళ్ళు వాచి ఉన్నాయి. వెళ్ళేముందు, "ఆ సినిమాకి అమ్మ ఏమంది?" అని అడిగింది. బాగుందందన్నాను. "అమ్మ ఏదీ బాగుందనదు" అని చెప్పులు వేసుకుంది. ఆ తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలూ ఆ ఇంట్లో లేరని తిరిగొచ్చేశాయి. ఎక్కడుందో, ఉందో లేదో, నాకు తెలియదు.

ఆదివారం అద్దంలో చూసింది ఆ సినిమానే. ఐరను వేడెక్కి పొగ వస్తున్నా నేను తీగ అంటించలేదు. మాట లేని తెరమీద పట్టుచీర కట్టుకున్న అప్ప వచ్చి నోరు తెరిచింది. "ఏమిటి" అనాలంటే మధ్యలో పెదవులు ఒకసారి కలవాలి. కలవలేదు. పదకొండింటిలో నాలుగుసార్లు ఆ మాట ఉంది, నాలుగుసార్లూ కలవలేదు. అప్ప కెమెరా ముందు "ఏటి వదినా" అనే అంది. ఆ రోజు హాల్లో దాని పెదవులకి సరిగ్గా సరిపోయిన గొంతు ఒకటుంది. అది నా కుడిపక్క కుర్చీలో గొణుగుతూనే ఉంది, నేను పైన మిషను తప్పు పడుతున్నాను.

"ఏటి బాబూ, అవ్వదా?" అంది పక్కింటావిడ. తీగ అంటించాను. ఆ సన్నని గొంతు వచ్చింది, అందరూ హాయిగా సర్దుకుని కూర్చున్నారు. ఫిల్ము మీద మాటకీ బొమ్మకీ ఉండే దూరం ఒక సెకను కన్నా తక్కువ. అది దాటడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది, దాటేసరికి వినవలసిన మనిషి లేదు.