ఎడమ వింగులో మంచం యజమాని

మదనపల్లె బస్టాండులో కంట్రోలరుగా ఉన్నన్నాళ్ళూ ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు కదిలింది అని రాయడమే నా ఉద్యోగం. ఇంటికి వచ్చాక నా సొంత రోజును కూడా అలాగే డైరీలో రాసుకునేవాణ్ణి. రిటైరయ్యాక డైరీ మిగిలింది గానీ రాయడానికి బస్సులు లేవు. అప్పుడు మా ఊరి నాటక బృందం వాళ్ళు ఇంటికొచ్చి స్టేజి మేనేజరుగా ఉండమన్నారు. సగం మంది కాలేజీ పిల్లలు, సగం మంది నాలాంటి వాళ్ళు.

"నాకు నటన రాదప్పా" అన్నాను.

"అందుకే సార్ మిమ్మల్ని అడుగుతాండేది. వచ్చినోళ్ళంతా వేషం కావాలంటాండారు" అన్నారు.

ఎవరు ఏ పక్క నుంచి రావాలి, చేతిలో ఏముండాలి, తెర ఎప్పుడు పడాలి అన్నది నిమిషాల ప్రకారం నోటుబుక్కులో రాసుకుంటాను. నాటకం నడుస్తున్నంతసేపూ ఎడమ వింగులో, అంటే వేదిక పక్కన జనానికి కనపడని చోట, టార్చి పట్టుకుని నిలబడతాను. నా నియమం ఒక్కటే. బుక్కులో లేని మనిషి వేదిక ఎక్కకూడదు.

కిందటి ఏడాది మేము వేసిన నాటకం ఒక బోరుబావి గురించి. అన్నదమ్ములిద్దరూ బోరు ఎవరి చేలో వేయాలని తగువు పడతారు. అన్న అలిగి అన్నం మానేసి మంచమెక్కుతాడు. అతని భార్య ఇద్దరికీ బుద్ధి చెబుతుంది. అన్న వేషం కాలేజీ లెక్చరరుది. భార్య వేషం డిగ్రీ చదివే ఒక అమ్మాయిది. సదుం దగ్గర పల్లె, మదనపల్లెలో హాస్టలు. ఆ అమ్మాయి నోరు విప్పితే చివరి వరుసలో వాళ్ళు కూడా సెల్‌ఫోను పక్కన పెట్టేవాళ్ళు. ముందు పుంగనూరులో ప్రదర్శన, నెల తర్వాత కుప్పంలో పోటీలు.

చిక్కల్లా వాళ్ళ నాయనతో వచ్చింది. వేరుశెనగ పండించే రైతు. రిహార్సలుకు వచ్చి, కాసేపు చూసి, నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, పుంగనూరులో సూస్తా. నాకు బాగుంటేనే కుప్పం. లేదంటే ఈడికి సాలు. బిడ్డకు పరీక్షలుండాయి."

అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ వేషానికి మాకు ఇంకో మనిషి లేదు. కుప్పం ఉండేదీ లేందీ ఈయన చేతిలో ఉందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

మంచం కూడా ఆయనదే. నాటకానికి నులక మంచం కావాలంటే అమ్మాయి ఇంట్లో అడిగింది. ఆయన దాన్ని టమోటా టెంపో మీద వేసుకుని పుంగనూరుకు తానే తెచ్చాడు. ముందు వరుసలో కుర్చీ చూపించాను.

"వద్దన్నా. మంచం యాడుంటే నేనాడుంటా" అని నా పక్కన వింగులోనే గొంతుక్కూర్చున్నాడు. బుక్కులో లేని మనిషే గానీ, వేదిక ఎక్కలేదు కాబట్టి ఊరుకున్నాను.

ముఖ్య అతిథి, అక్కడి రాజకీయ నాయకుడు, మూడింటికి రావాలి. మూడున్నర దాకా చూసి, "ఆయన ఇంక రాడు, కానీండి" అన్నాడు నిర్వాహకుల సంఘం కార్యదర్శి. మొదలుపెట్టాం. పన్నెండో నిమిషంలో లెక్చరరు భార్య మీద చెయ్యెత్తాడు. నా పక్కాయన దిగ్గున లేచాడు.

"యాలన్నా వాడు నా బిడ్డ మింద సెయ్యెత్తేది?"

"కొట్టడప్పా. ఇదిగో, రాసిండాది సూడు. చెయ్యెత్తును, దించును."

"దించకపోతే?"

నేను బుక్కులో పేజీ తిప్పేలోపు లెక్చరరు దించాడు. ఆయన కూర్చున్నాడు గానీ ఆ తర్వాత కన్ను లెక్చరరు మీదే.

ఇరవై ఎనిమిదో నిమిషంలో బయట కార్లు ఆగాయి. కార్యదర్శి మైకు, శాలువా పట్టుకుని నేరుగా వేదిక మీదికి ఎక్కేశాడు. వెనకాల పూలదండ, ముఖ్య అతిథి. తెర దించమని టార్చి రెండుసార్లు వెలిగించాను. తెర కదల్లేదు. తెర లాగాల్సిన మనిషే దండ పట్టుకుని వేదిక మీదున్నాడు.

మంచం మీద లెక్చరరు కళ్ళు మూసుకుని పస్తు పడుకుని ఉన్నాడు. వేదిక మీద వేరే కుర్చీ లేదు. ముఖ్య అతిథి దండ వేయించుకుని, చుట్టూ చూసి మంచం మీద కూర్చున్నాడు. మనిషి భారీ. మంచం కిర్రుమంది. లెక్చరరు కాళ్ళు ముడుచుకున్నాడు.

"అయ్యో, నులక తెగుతాదన్నా" అన్నాడు నా పక్కాయన.

అమ్మాయి చేతిలో చెంబుతో అలాగే నిలబడి ఉంది. ఒక్క క్షణం వింగు వైపు చూసింది. నన్ను కాదు, నాయనను. తర్వాత కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"రాండన్నా. మంచి టయానికి వచ్చినారు. మా ఆయన మూడు దినాలుగా అన్నం ముట్టల్యా. బోరు కోసం తమ్మునితో గలాటా. మీరన్నా సెప్పండి."

ముఖ్య అతిథి దగ్గరికి పొద్దున లేస్తే ఇలాంటి వాళ్ళే వస్తారు. అది నాటకమన్న సంగతి మరిచిపోయాడో ఏమో, లెక్చరరు మోకాలి మీద చెయ్యేశాడు.

"అంతేనా? అన్నదమ్ములు కొట్లాడుకునేదేమప్పా దీనికి! ఇద్దరికీ చెరొక బోరు ఏపిస్తా. లెయ్యి, అన్నం తిను."

లెక్చరరు లేచి కూర్చున్నాడు. జనం చప్పట్లు. నేను బుక్కు చూశాను. నాటకం ఇంకా పదిహేడు నిమిషాలుంది. అమ్మాయి అసలు సీను, మేము కుప్పానికి పోవాలనుకున్నదే దానికోసం, ఇంకా రానేలేదు.

"అయిపాయనా?" అన్నాడు నా పక్కాయన.

"లేదప్పా, మీ బిడ్డ సీను ఇంకా ఉండాది."

"మరి ఆయప్ప తీర్పు సెప్పేసినాడే!"

అమ్మాయి కార్యదర్శి చేతిలోంచి శాలువా అందుకుంది.

"మాటిచ్చినారు, సంతోషమన్నా. అయితే మా పక్క వెయ్యడుగులు దించినా దుమ్మే లేస్తాది. నీళ్ళు పడినాక రాండి, ఈ శాలువా అప్పుడు కప్పుతాం. అంతదాకా ఆ ముందు కుర్చీలో కూర్చోని మా ఇంటి గలాటా సూడండి." శాలువా మడిచి తలగడ కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. "నువ్వు లేస్తివేమి? పండుకో. బోరు ఇంకా పడల్యా."

లెక్చరరు వెంటనే పడుకున్నాడు. ముందుగా నవ్వింది ముఖ్య అతిథే. తొడ చరుచుకుని నవ్వి, తన దండ తానే తీసి కార్యదర్శి మెడలో వేసి, దిగిపోయి ముందు కుర్చీలో కూర్చున్నాడు. నాటకం ఆగిన చోటి నుంచి నడిచింది. అమ్మాయి అసలు సీనుకు నా పక్కాయన లెక్చరరును వదిలి కూతుర్నే చూశాడు. నేను ఆయన ముఖం చూస్తూ ఒక లైటు ఆలస్యంగా ఇచ్చాను. అది కూడా రాసుకున్నాను.

తెర పడ్డాక ఆయన వేదిక మీదికి పోయి మంచం బోర్లించాడు. నులక వేళ్ళతో లాగి లాగి చూశాడు. అమ్మాయి రంగు కూడా తుడుచుకోకుండా నాలుగడుగుల దూరంలో నిలబడింది. లెక్చరరు ఇంకొంచెం దూరంలో నిలబడ్డాడు. కుప్పం గురించి ఆయన ఏమంటాడోనని ముగ్గురం చూస్తున్నాం.

"ఈ మంచం కుప్పానికి రాదన్నా" అన్నాడు ఆయన.

నా పెన్ను ఆగిపోయింది. అమ్మాయి తల దించుకుంది.

"పట్టె బీటలిచ్చింది. ఇంట్లో ఇంకోటుండాది, మా నాయన కాలంది, టేకుది. అది తెస్తా. ఈ నాటకాల్లో ఎవరొచ్చి కూర్చుంటారో ఎవురికి తెలుసు!" కూతురి వైపు తిరిగాడు. "మొగం కడుక్కోపోమ్మా. బస్సుకు టయమాయ."

రెండడుగులు వేసి లెక్చరరు దగ్గర ఆగాడు. "నువ్వు సెయ్యి ఇంకా తొందరగా దించల్లప్పా."

ఆ రాత్రి కుప్పం కోసం బుక్కు కొత్తగా రాశాను. పన్నెండో నిమిషం, లెక్చరరు చెయ్యెత్తును, వెంటనే దించును. ఎడమ వింగు, టేకు మంచం, మంచం యజమాని.