మామ్మ తెచ్చిన గంజి

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళుండగా, మా నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. మాది బందరు దగ్గర నేతపనివాళ్ళ ఊరు. నాన్న మగ్గం మీద అమ్మ కూర్చుంది. పగలంతా నేత, మధ్య మధ్య లేచి నాన్నకు సేవ. ఉన్న అన్నం ఆయనకూ నాకూ పెట్టి, తను తిన్నాననేది. అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ నా కంచం ఖాళీ చేసేదాన్ని. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒకరోజు అమ్మ మగ్గం గుంటలోనే కళ్ళు తిరిగి ఒరిగిపోయింది. ఈవిడ కూడా పోతే నా గతేమిటని భయం పట్టుకుంది. పరిగెత్తి పక్కింటి మామ్మను పిలుచుకొచ్చాను. మామ్మ ముఖాన నీళ్ళు చల్లి లేపి కూర్చోబెట్టింది గాని, తిండి మాట ఎత్తలేదు. ఎవరైనా జాలిపడి పెడితే అమ్మకు ముద్ద దిగదని ఆవిడకు తెలుసు.

మర్నాటి నుంచి మామ్మ పొద్దున్నే గంజి కాచి తెచ్చేది. దారం తెగకుండా పడుగుకు గంజి పట్టిస్తాం కదా, అందుకట. అందులో నూనె కలపకముందే ఒక గ్లాసు పోసి అమ్మకిచ్చి, "చిక్కదనం సరిపోయిందేమో తాగి చెప్పమ్మాయ్, నాకు తెలిసి చావట్లేదు" అనేది. గంజి చిక్కదనం వేళ్ళతో చూస్తారు గాని తాగి చూసేదెవరు? పైగా అందులో ఉప్పు. దారానికి ఉప్పెందుకో అమ్మ ఏనాడూ అడగలేదు. గ్లాసు ఖాళీ చేసి, "సరిపోయింది పిన్నిగారూ" అనేది.

నాన్న బతకలేదు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. అంతా అయ్యాక అమ్మ గోడకానుకుని కూర్చుంది. మామ్మ మళ్ళీ గ్లాసు పట్టుకొచ్చింది.

"ఇవాళ పడుగు లేదు గదా పిన్నిగారూ" అంది అమ్మ.

"నువ్వున్నావు గదమ్మా" అంది మామ్మ.

అమ్మ ఏడుస్తూనే తాగింది.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గరపడ్డాయి. విజయవాడలో, పటమటలో కాపురం. మా ఆయన నెల రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. ఇక ఆశ పెట్టుకోవద్దని నిన్న డాక్టరుగారు చెప్పేశారు. నేను కిందికి దిగి క్యాంటీన్‌లో ఇడ్లీ తెప్పించుకున్నాను. మా పక్క గదివాళ్ళ కోడలు చూసి, ఈ ముసలిదానికి ఎలా దిగుతోందో అన్నట్టు ముఖం తిప్పుకుంది. నిజానికి దిగలేదు. మంచినీళ్ళతో దించాను. తిండి సహించని రోజున మామ్మ అన్న ఆ ఒక్క మాటే నన్ను లాక్కొచ్చి కంచం ముందు కూర్చోబెడుతుంది. రెండో ఇడ్లీ కూడా తిని, చెయ్యి కడుక్కుని, ఆయన దగ్గరికి వెళ్ళాను.