ఒక్క సీటు కారు

మొన్న టీవీలో కార్ల పందెం చూస్తూ మా మనవరాలు, "ఇందులో పక్క సీటేది అమ్మమ్మా?" అంది. తిరువూరులో మా ముందుగదిలో అద్దెకున్న అమెరికా దొర నాకు వెంటనే గుర్తొచ్చాడు.

డెబ్బైల్లో, మా వైపు నీళ్ళ కటకట చూసి, బోర్లు వేయించడానికి చర్చి మిషన్ వాళ్ళు ఆయన్ని పంపారు. స్కూలు మాస్టారైన మా నాన్న ఆయనకు తెలుగు నేర్పేవాడు. మనిషి బంగారం, జీపు నడపడం మాత్రం మహా నిదానం. వినగడప నుంచి వచ్చే ఎడ్లబళ్ళు కూడా ఆయన్ని దాటుకుని పోయేవి. వెనకనుంచి బస్సు హారన్ కొడితే చాలు, జీపుని ఏకంగా రోడ్డు దించేసేవాడు. అలాంటివాడు, ఒకప్పుడు తన దేశంలో మట్టి బాటల మీద ఒక్క సీటు కార్లతో పందేలాడేవాణ్ణని చెబితే, అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. కొన్నేళ్ళు ఆడాడట, పెద్ద పేరేమీ రాలేదట, మానేశాడట. అంతకుమించి చెప్పేవాడు కాదు. ఆయన గదిలో గోడకి ఒక పటం ఉండేది. ఒక్క సీటు కారులో, ముఖం సగం కప్పేసిన కళ్ళద్దాలతో, నవ్వుతున్న కుర్రాడు. అది దొరే అని మేమందరం తేల్చేశాం.

మా వీధి బోరులో నీళ్ళు పడ్డాక ఆయనకు బడిలో సన్మానం పెట్టారు. నాన్నకు ఉత్సాహం ఎక్కువ. దొరకి చెప్పకుండా ఆ పటం తెచ్చి వేదిక మీద పెట్టాడు. దానికి కూడా దండ వేయబోతే, బతికున్న మనిషి పటానికి దండేమిటని అమ్మ కసిరింది. దొర మెడలో బంతిపూల దండ వేసి, ఆయన గెలవని పందేలు కూడా గెలిపిస్తూ నాన్న ఉపన్యాసం దంచాడు. జనం చప్పట్లు కొట్టారు. దొర అప్పుడు చూశాడు పటాన్ని. లేచి వెళ్ళి, తన మెడలో దండ తీసి దానికి వేశాడు.

అమ్మ ఆగలేక ముందుకొచ్చింది. "తీసెయ్యండి దొరగారూ, బతికున్నవాళ్ళ పటానికి వెయ్యకూడదు."

"ఇది నేను కాదమ్మా, నా స్నేహితుడు," అన్నాడు దొర, నాన్న నేర్పిన తెలుగులో. "ఆ రోజు నేనే గెలవాలనుకున్నాను. అతనికి దారి ఇవ్వలేదు. నా కారు చక్రం తగిలి చనిపోయాడు."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. నాన్నయితే సిగ్గుతో కుంగిపోయాడు. సాయంత్రం పటం తిరిగిచ్చి, తప్పయిపోయిందని చెప్పి, అక్కడితో ఊరుకోలేక, అదెప్పటి మాటో కదండీ అన్నాడు.

"అతని వయసు అక్కడే ఆగిపోయింది మాస్టారూ. నాదే పెరుగుతోంది," అన్నాడు దొర.

ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. ఇప్పుడు నేను ఆనాటి దొర వయసు దాటి చాలా దూరం వచ్చేశాను. కాలం అన్నిటినీ మాన్పుతుందని ఎవరైనా అంటే, పెద్దదాన్ని కాబట్టి సరేనని తలూపుతాను గానీ, నమ్మను.