రాతి తోరణం దాకా

సముద్రాన్ని రాయి తాకే చోటు చూడాలన్నది నా కోరిక. ఇదీ ఒక కోరికేనా అని నవ్వినవాళ్ళున్నారు. నేను పుట్టింది రేపల్లె, మెట్టినిల్లు తెనాలి, ఉద్యోగం బాపట్ల. ఈ మూడు ఊళ్ళ మధ్య గుప్పెడు కంకర కావాలన్నా లారీలో రావాల్సిందే. రేపల్లె వైపు సముద్రం బురదలోంచి, మడ చెట్లలోంచి చప్పుడు లేకుండా వస్తుంది. సూర్యలంకలో ఇసుక మీద చాప పరిచినట్టుంటుంది. భూగోళం పాఠం చెబుతూ కొండ అంచులనీ, అలలు తొలిచిన రాతి తోరణాలనీ ఏళ్ళ తరబడి సుద్దముక్కతో బోర్డు మీద గీశాను. ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు.

మోకాళ్ళు అరిగిపోయాయనీ, రెండూ మార్చాల్సిందేననీ గుంటూరు డాక్టరు చెప్పినప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న, "తర్వాత రాళ్ళ మీద నడవొచ్చాండి?" అని. ఆయన నవ్వాడు. "ఇంట్లో హాయిగా తిరగొచ్చమ్మా, బజారుకెళ్ళొచ్చు. రాళ్ళూ రప్పలూ మాత్రం మర్చిపోండి" అన్నాడు. అందుకే ఆపరేషన్ కంటే ముందే వెళ్ళాలని పట్టుబట్టాను. పెళ్ళయ్యాక నేను పట్టుబట్టి సాధించిన ప్రయాణం అదొక్కటే.

విశాఖ దాటి ఇంకా ఉత్తరానికి వెళ్తే, కొండలు సముద్రంలోకి దిగే తీరంలో ఒక రాతి తోరణం ఉంది. నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ రాళ్ళ మీదుగా దాని కిందిదాకా నడిచి వెళ్ళొచ్చు. పోటు వస్తే ఆ రాళ్ళన్నీ మునిగిపోతాయి. ఏ రోజు ఏ వేళకి నీళ్ళు తగ్గుతాయో ఫోన్‌లో చూసి పెట్టుకున్నాను. మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని సూర్యలంక ఇసుకలో పొద్దున్నే నడక అలవాటు చేసుకున్నాను. మేం వెళ్ళే రోజు తెల్లవారగానే నీళ్ళు తగ్గుతాయని ఇంట్లో అందరికీ పదేపదే చెప్పాను.

అందరూ అంటే మావారు, తెనాలి నుంచి బావగారు, తోడికోడలు. అసలు మేమిద్దరమే వెళ్దామనుకున్నాం. కానీ అన్నగారికి చెప్పకుండా మావారు చొక్కా కూడా కొనుక్కోరు. చెప్పగానే బావగారు, "మేమూ వస్తాంలే, గాలి మార్పు" అన్నారు. ఆ క్షణాన్నే నా ప్రయాణం ఆయన ప్రయాణమైపోయింది.

విశాఖలో లాడ్జిలో దిగాం. మర్నాడు చీకటితోనే లేచి, పట్టీలు కట్టుకుని, బూట్లు వేసుకుని కూర్చున్నాను. కింద కారు సిద్ధంగా ఉంది. బావగారు మంచం మీదే కూర్చుని ఫోన్ చూస్తున్నారు. ఆయన ఫోన్‌లో పంచాంగం, నా ఫోన్‌లో పోటు వేళలు.

"అమ్మాయ్, ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది. అది వెళ్ళాక టిఫిన్ చేసి బయల్దేరదాం" అన్నారు.

"అప్పటికి నీళ్ళొచ్చేస్తాయి బావగారూ. రాళ్ళు మునిగిపోతాయి."

"సముద్రం ఎక్కడికి పోతుందమ్మా? అక్కడే ఉంటుందిగా. తొందరేంటి?"

మావారి వైపు చూశాను. ఆయన వాళ్ళన్నగారి వైపు చూసి, "అన్నయ్య చెప్పింది నిజమేగా" అన్నారు. తోడికోడలు, "పాపం, ఇంత దూరం వచ్చింది దీనికోసమేగా" అనబోయింది. బావగారు ఒక చూపు చూసేసరికి మానేసింది.

సముద్రం ఎక్కడికి పోతుందన్న బావగారి మాటలో మా ఊళ్ళవాళ్ళ తెలివంతా ఉంది. సూర్యలంకకి పొద్దున వెళ్ళినా, భోంచేసి వెళ్ళినా సముద్రం ఒకలాగే ఉంటుంది, కాళ్ళు తడుపుకుని రావచ్చు. లోకంలో ఉన్న సముద్రాలన్నీ అంతే అనుకున్నారు.

ఒక్కదాన్నే ఆటో ఎక్కి పోవచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు. పోవచ్చు. కానీ వర్జ్యంలో గడప దాటిన ఆడదాని నెత్తిన, ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి జలుబు చేసినా ఆ పాపం పడుతుంది. మోకాళ్ళ ఆపరేషన్ ముందు పెట్టుకుని ఆ మాటలు కూడా మోసే ఓపిక నాకు లేదు. బూట్లతోనే కూర్చున్నాను. వర్జ్యం వెళ్ళింది. హోటల్లో పూరీ బాగుందని బావగారు రెండోసారి తెప్పించుకున్నారు, ఆ పైన కాఫీ. ఆ పూరీ కూర వాసన మీద నాకు అసహ్యం ఇవాళ్టికీ పోలేదు.

మేం వెళ్ళేసరికి తోరణం ఎదురుగా కనిపిస్తోంది, మధ్యలో దారి లేదు. నా బోర్డు మీద బొమ్మల్లో లేనిది ఆ చప్పుడు. అల వచ్చి నల్లరాతికి కొట్టుకుంటే కాళ్ళకింద నేల అదిరింది. తడిసిన ప్యాంట్లతో ఎదురొస్తున్న కుర్రాళ్ళు, "ఇప్పుడు వెళ్ళకండి ఆంటీ, ఇందాకైతే కిందిదాకా పోయొచ్చాం" అన్నారు. ఏడుపొచ్చింది. ఏడుపుకన్నా కోపం ఎక్కువొచ్చింది.

"సాయంత్రం మళ్ళీ తగ్గుతాయండి, ఉందాం" అన్నాను మావారితో. సాయంత్రం సింహాచలం దర్శనం, రాత్రికి రైలు. అవి నన్నడక్కుండానే ఖాయమయ్యాయి. "కనిపిస్తోందిగా అమ్మాయ్, ఇంకేం కావాలి?" అంటూ బావగారు తోరణం వెనక పడేలా నిలబడి ఫొటో తీయించుకున్నారు. "మళ్ళీ వద్దాంలే" అన్నారు మావారు.

ఆపరేషన్ అయింది. నడుస్తున్నాను, డాక్టరు చెప్పినట్టే, ఇంట్లో, బజార్లో, చదునుగా ఉన్నంత మేర. ఆ ఫొటో ఎవరు చూసినా, నువ్వు లేవేంటని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే మావారు, "ఆవిడకి రాళ్ళంటే భయమండి, ఒడ్డునే ఉండిపోయింది" అంటారు. చెప్పీ చెప్పీ ఆయన అదే నిజమని నమ్ముతున్నారు కూడా.

మొన్న ఆదివారం సూర్యలంక తీసుకెళ్ళారు. ఇసుకలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, "తీరిగ్గా చూడు. సముద్రం ఎక్కడికీ పోదు" అన్నారు ప్రేమగానే.

"సముద్రం ఉందండి. దాని దాకా నడిచే మోకాళ్ళే లేవు. నాకు భయం లేదు, మీరంతా నన్ను వెళ్ళనివ్వలేదు" అన్నాను. ఇన్నాళ్ళకి మొదటిసారి పైకి అన్నాను.

ఆయన అప్పటికే మొక్కజొన్న పొత్తుల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. నా దానికి కారం తక్కువ రాయమని చెబుతున్నారు.